దీర్ఘవ్యాధియు దేవుని చిత్తమును

పాఠ్యభాగములు: మార్కు 1:40–45, లూకా 13:10–17, 2 కొరింథీ 12:7–10



ఈ నెల పాఠములోని మొదటి భాగమున ఒక కుష్ఠరోగి ప్రభువు నొద్దకు వచ్చి మోకాళ్లూనుచున్నాడు. అతని మనవిని నెమ్మదిగా చదువుడి. యేసునకు శక్తి యున్నదా అని అతడు అడుగలేదు. శక్తి యున్నదని అతడెరుగును. ఆయనకు ఇష్టమున్నదా అనునదే అతనికి తెలియలేదు.

బహుకాలము మంచము పట్టినవారి ప్రశ్నయు ఇదియే. పక్షవాతముతో ఏండ్ల తరబడి పడియున్న తండ్రి, వారమునకు రెండు మూడుసార్లు డయాలిసిస్‌కొరకు తెల్లవారుజామున బస్సెక్కు తల్లి, మూర్ఛలు వచ్చు బిడ్డను ఒంటరిగా విడువలేక కూలిపని మానుకొన్న అక్క, వీరందరు ఆదివారమున మనతోపాటు నిలిచి సర్వశక్తిగల తండ్రియైన దేవుని నమ్ముచున్నామని చెప్పుచునే యున్నారు. చెప్పి యింటికి పోయిన తరువాత, ఆయనకు చేతనగును గదా, మరి నాయెడల ఆయన కిష్టము లేదా అని లోలోపల అనుకొందురు. పైకి అనరు. అనినయెడల పాస్టరయ్యగారు ఏమనుకొందురో, పెద్దలు ఏమనుకొందురో అని భయము.

ప్రభువు ఆ మనుష్యునికి తనకు ఇష్టమేయని చెప్పెను. అయితే చెప్పకముందే ఒక పని చేసెను. చెయ్యి చాపి అతని ముట్టెను. లేవీయకాండము 13వ అధ్యాయము చివర చూడుడి: అట్టివాడు చినిగిన బట్టలతో, విరియబోసికొన్న తలతో, తాను అపవిత్రుడనని కేకవేయుచు పాళెము వెలుపల ఒంటరిగా నివసింపవలెను. ఎన్ని యేండ్లనుండి అతని మీద మనుష్యుని చెయ్యి పడలేదో! శుద్ధియైన తరువాత ముట్టుట ఎవరికైనను సులభమే. యేసు శుద్ధి కాకముందే ముట్టెను. ఇంకొక సంగతి. ప్రభువు కనికరపడెనని మన బైబిలులో నున్నచోట కొన్ని ప్రాచీన ప్రతులలో ఆయన కోపపడెనని యున్నది. ఏది మొదటి మాటయో పండితులు తేల్చుకొందురు గాక. కోపమే యైనయెడల ఆ కోపము మోకాళ్లూనిన ఆ మనుష్యుని మీద కాదు, అతని నట్లు చేసిన వ్యాధి మీదనే యని నా తలంపు.

తలవ్రాత వేరు, దేవుని చిత్తము వేరు

మన గ్రామములలో ఎవరికైనను తీరని జబ్బు చేసినయెడల ఇరుగుపొరుగువారు వచ్చి కాసేపు కూర్చుండి, నుదుట వ్రాసినది తప్పునా అని లేచిపోవుదురు. క్రైస్తవులమైన మనము ఆ మాట అనము. దానికి బదులుగా "అంతా దేవుని చిత్తమమ్మా" అని లేచిపోవుదుము. పేరు మారినది గాని మాట మారలేదు. రెండును సంభాషణను ముగించుటకే పనికివచ్చుచున్నవి.

తలవ్రాత అనినచో అడుగుటకు ఎవరును లేరు. వ్రాసినవాడు వ్రాసి పోయెను. దేవుని చిత్తము అనినప్పుడు చిత్తముగల యొకడున్నాడు. ఆయన తండ్రి. ఆయనతో వాదించవచ్చును, అడుగవచ్చును, ఏడ్వవచ్చును. అబ్రాహాము వాదించెను, హన్నా ఏడ్చెను, యోబు తాను పుట్టిన దినమునే శపించెను. గెత్సేమనేలో ప్రభువు తన తండ్రి చిత్తమునకు లోబడినమాట నిజమే గాని, లోబడకముందు ఆ గిన్నెను తీసివేయుమని అడిగెను, ఒక్కసారి కాదు. అడుగుట అవిశ్వాసమైనయెడల ఆయన అడిగియుండడు. కాబట్టి రోగి అడుగుచున్నప్పుడు, ఏడ్చుచున్నప్పుడు, దేవుని చిత్తమనెడి మాటతో అతని నోరు మూయవద్దు. ఆ మాటను రోగి తానే, తన సమయమున, తండ్రితో చెప్పుకొనవలెను. ఆరోగ్యముగా నున్నవాడు మంచము ప్రక్కన నిలువబడి చెప్పినయెడల అది పుండుమీద కారము చల్లినట్లుండును.

పాపమువలన వచ్చినదా?

రెండవ మాట దీనికంటె క్రూరమైనది. యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు, పాపము చేసినవాడు వీడా, వీని కన్నవారా అని అడిగిరి. ప్రభువు ఆ రెంటిని త్రోసివేసెను. ఇంత స్పష్టముగా ఆయన త్రోసివేసిన ప్రశ్నను మనము ఇంటింటను మరల అడుగుచున్నాము. "ఏ పాపము ఒప్పుకొనకుండ దాచిపెట్టితివో చూచుకో అన్నా" అందురు. లేక, "నీ విశ్వాసము చాలలేదు" అందురు.

యోబు స్నేహితులు మొదట చక్కని పని చేసిరి. ఏడు దినములు, ఏడు రాత్రులు అతనితోకూడ నేలమీద కూర్చుండి ఒక్క మాటయైనను పలుకలేదు. నోరు తెరచినప్పటినుండియే చెడిపోయిరి. వారి ప్రసంగములు విన్నచో భక్తిగానే యుండును. మన కూటములలో చెప్పినను ఆమేన్ అనుదుము. అయితే గ్రంథము చివర దేవుడు ఎలీఫజుతో, అతడును అతని యిద్దరు స్నేహితులును తన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదనియు, యోబు పలికెననియు చెప్పుచున్నాడు. ఫిర్యాదు చేసినవాడు మెప్పు పొందెను. దేవుని పక్షమున వాదించినవారు బలి అర్పించి క్షమాపణ వేడుకొనవలసివచ్చెను.

విశ్వాసము చాలకనే స్వస్థత రాలేదను వారు పౌలు చరిత్రను చదువవలెను. ఎఫెసులో అతని శరీరమునకు తగిలిన గుడ్డలవలన రోగములు పోయెనని అపొస్తలుల కార్యములు 19లో నున్నది. ఆ పౌలే త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచి వచ్చెను. ఎపఫ్రొదితు చావునకు సిద్ధమగునంత రోగియైనప్పుడు పౌలు దుఃఖపడెను. అతడు బాగుపడుట దేవుని కనికరమని చెప్పెను గాని తన ప్రార్థన బలమని చెప్పలేదు. తిమోతికి కడుపు జబ్బు మాటిమాటికి వచ్చుచుండగా, కొంచెము ద్రాక్షారసము పుచ్చుకొనుమని ఔషధముగా సలహా వ్రాసెను. (మన సహోదరులు కొందరు ఆ యొక్క వచనమును వేరొక ప్రయోజనముకొరకు బాగుగా కంఠస్థము చేసియున్నారు.) వీరిలో ఎవరి విశ్వాసము చాలలేదు?

నడుము వంగిన స్త్రీయు, నలగొండ నీళ్లును

లూకా 13లో పదునెనిమిది ఏండ్లు నడుము వంగి ఎంతమాత్రము చక్కగా నిలువలేని యొక స్త్రీ యున్నది. ఆమె సమాజమందిరమునకు వచ్చుట మానలేదని గమనింపుడి. ప్రభువు ఆమెను పిలిచి స్వస్థపరచెను. అప్పుడు ఆయన చెప్పిన కారణము మనకు ముఖ్యము. ఆ వంకరను ఆయన దేవుని చిత్తమని పిలువలేదు. సాతాను ఆమెను బంధించెననియు, అబ్రాహాము కుమార్తెయైన ఆమె ఆ కట్టునుండి విడిపింపబడుట తగినదనియు చెప్పెను. విశ్రాంతిదినమైనను ఆగలేదు. మరునాటివరకు ఆగినచో ఎవరును తప్పుపట్టెడివారు కారు. పదునెనిమిదేండ్లు ఓర్చుకొన్న స్త్రీ ఇంకొక దినము ఓర్చుకొనలేదా? ఓర్చుకొనగలదు. ప్రభువు ఓర్చుకొనలేదు.

ఈ కథను నలగొండ జిల్లాలో చదువువారికి వ్యాఖ్యానము అక్కరలేదు. ముప్పది యేండ్లకే నడుము వంగి, మోకాళ్లు దొడ్డికాళ్లయి, కర్రపట్టుకొని నడచువారిని మఱ్ఱిగూడ మొదలైన ప్రాంతములలో చూచితిమి. పిల్లల పండ్లమీద గోధుమరంగు మరకలు. దీనిని శాపమనినవారున్నారు, పూర్వుల కర్మమనినవారున్నారు, దేవుని చిత్తమని ఊరుకొన్నవారున్నారు. కారణము నీళ్లలో నుండెను. లోతైన రాతిపొరలనుండి బోరుబావులలోనికి వచ్చు నీటిలో ఫ్లోరైడ్ అను లవణము మితిమీరి యున్నది. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అంతకంటె మిక్కుటమైన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో అది ఎముకలలో చేరి, కీళ్లు బిగిసి, వెన్ను వంగిపోవును. ఈ వ్యాధిని మన దేశములో మొదట గుర్తించినది 1937లో, నాటి మద్రాసు రాజ్యములోని నెల్లూరు జిల్లాలోనే. కారణము అంత ముందుగా తెలిసినను నలగొండ పల్లెలు ఇంకను ఎన్నో దశాబ్దములు ఆ నీళ్లే త్రాగినవి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకముచేత నదీజలము ఇంటింటికి వచ్చుటతో క్రొత్త తరము ఆ గండమునుండి తప్పించుకొనుచున్నది. అయితే ఇదివరకే వంగిన నడుములు నిటారు కావు.

ఇక్కడ దేవుని చిత్తము ఏది? బావిలో ఫ్లోరైడా? లేక మంచినీళ్ల కొళాయియా? లూకా 13 చదివినవాడు ఈ ప్రశ్నకు తడబడనక్కరలేదు. మన సికింద్రాబాదు సంగతియు అట్టిదే. చలిజ్వరము చెడుగాలివలన వచ్చునని అనేకులు ఇంకను నమ్ముచున్న దినములలో, రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు 1897 ఆగస్టు 20న ఇక్కడనే సూక్ష్మదర్శినిలో దోమ కడుపునందు మలేరియా క్రిమిని కనుగొనెను. ఆయన ఆ సందర్భమున దేవునికి కృతజ్ఞతగా పద్యము వ్రాసికొనెను. జ్వరము దేవుడు పంపినదేయని ఊరుకొన్నయెడల దోమను కోసి చూచియుండడు.

డిచ్‌పల్లి

సికింద్రాబాదునుండి నిజామాబాదు వెళ్లు రైలు మార్గములో డిచ్‌పల్లి యను స్టేషనున్నది. మన పెద్దలలో ఆ పేరు వినగానే తల వంచుకొన్నవారు ఒకప్పుడుండిరి, ఏలయనగా అది కుష్ఠరోగుల ఊరని ప్రతీతి. 1907లో వెస్లియన్ మిషను పక్షమున జార్జి కెర్ దొరగారును, ఆయన భార్యయైన డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారును స్కాట్లండునుండి హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి. నిజామాబాదులో వైద్యము చేయుచుండగా కుష్ఠరోగులు వచ్చుచుండిరి. వారికి నిలువనీడ లేదు. 1911లో వారికొరకు చిన్న ఆశ్రమమొకటి పెట్టిరి. అది చాలలేదు. రాజా నర్సాగౌడ్ అను హిందూ ధనికుడు ద్రవ్యమిచ్చి సహాయపడగా 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి లేచెను. ప్రభువు చిత్తమును నెరవేర్చుటకు ప్రభువు నెరుగనివాడు ముందుకు వచ్చుట మంచి సమరయుని కథ చదివినవారికి వింత కాదు.

అప్పటి మందు చాల్మోగ్రా నూనె. కడుపులోనికి పుచ్చుకొన్నచో డోకు వచ్చును. తరువాత దానినే సూదిమందుగా నిచ్చిరి. ఆ సూది మిక్కిలి బాధాకరము, వారము వారము, నెలలు, ఏండ్లు. కొందరు బాగుపడిరి. కొందరికి వ్యాధి ఆగెను గాని పోయిన వ్రేళ్లు రాలేదు. కొందరికి ఏ ప్రయోజనమును కలుగలేదు. వీరందరును ఒకే ప్రార్థన చేసిరి, ఒకే దేవునికి మొరపెట్టిరి. కెర్ అమ్మగారు 1932లో మరణించువరకు చేసిన సేవ అంతయు ఈ అరకొర మందుతోనే. పూర్తిగా పనిచేయు మందు తమకు లేదని వారు చేతులు ముడుచుకొనలేదు. ఇది నాకు గొప్పగా తోచుచున్నది. స్వస్థత నిశ్చయమైనప్పుడు సేవచేయుట ఒకటి. నిశ్చయము కానప్పుడు గాయములు కడుగుట మరియొకటి.

డాప్సోన్ అను మాత్ర 1940లలో వాడుకలోనికి వచ్చెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలు మందుల చికిత్సను సిఫారసు చేసెను. ఇప్పుడు ఆరు నెలలో, పండ్రెండు నెలలో మాత్రలు మింగినచో కుష్ఠు పూర్తిగా నయమగును, మందు ఉచితము. చర్మముమీద స్పర్శ లేని మచ్చ కనబడినయెడల దాచుకొనక వెంటనే చూపించుకొనవలెను. ఆలస్యమే అంగవైకల్యమునకు కారణము. వెల్లూరులో 1946నుండి పనిచేసిన డాక్టరు పాల్ బ్రాండ్ గారు, వ్రేళ్లు వ్యాధివలన తమంతట తాము రాలిపోవుననుట సరికాదని చూపించెను. నొప్పి తెలియనందున కాలిన పాత్రను పట్టుకొనుట, మేకు గ్రుచ్చుకొన్నను నడచిపోవుట, వీటివలననే చేతులు కాళ్లు పాడగుచున్నవి. నొప్పి కావలివానివంటిది. దీనినిబట్టి కొందరు బోధకులు నొప్పి అంతయు మేలేయని ప్రసంగించుచున్నారు. కేన్సరుతో రాత్రియంతయు మూలుగువానియొద్ద ఆ ప్రసంగము చేయగలరా? మేకు గ్రుచ్చుకొన్నదని చెప్పు నొప్పి మేలు. చెప్పవలసినది చెప్పిన తరువాతను ఆగని నొప్పికి మందు ఇప్పించుటయే మేలు.

చట్టములును ఆలస్యముగానే కదలినవి. కుష్ఠరోగులను బంధించి యుంచుటకు 1898లో చేసిన చట్టము 2016లో రద్దయినది. భార్యకో భర్తకో కుష్ఠు ఉన్నదని విడాకులు కోరుటకున్న వీలు 2019లో తొలగింపబడెను. గలిలయలో ఆ చెయ్యి చాపబడి ఎంతకాలమైనదో లెక్కించుకొనుడి.

ముల్లు పోని పక్షమున

ఇప్పుడు కష్టమైన భాగమునకు వచ్చితిమి. బెతెస్ద కోనేటియొద్ద రోగులు, గ్రుడ్డివారు, కుంటివారు గుంపులుగా పడియుండిరి. ప్రభువు ముప్పది యెనిమిది యేండ్ల రోగి యొకనిని లేపెను. మిగిలినవారి సంగతి యోహాను వ్రాయలేదు. ఆ మిగిలినవారిలో మన సంఘస్థులు అనేకులు తమ్మును చూచుకొందురు. ఎందుకు ఒకనిని లేపి తక్కినవారిని విడిచెనో లేఖనము చెప్పలేదు. చెప్పనిదానిని చెప్పుటకు నేను సాహసింపను. ఎవరైనను చెప్పవచ్చినచో వినవద్దు.

పౌలు తన శరీరములోని ముల్లు తొలగవలెనని మూడుసార్లు వేడుకొనెను. ఆ ముల్లు ఏమియో తెలియదు. గలతీయులకు వ్రాసిన మాటలనుబట్టి కన్నుల జబ్బని కొందరు, పంఫూలియ పల్లపు ప్రదేశములో తగిలిన మలేరియా జ్వరమని రామ్సే అను పండితుడు తలంచిరి. తెలియకపోవుటయే మంచిది. పేరు వ్రాసియున్నయెడల ఆ జబ్బుగలవారు మాత్రమే ఆ వచనమును తమదనుకొనెడివారు. పౌలు ఆ ముల్లు తనకు ఇయ్యబడెనని ఒకవైపు, అది సాతానుయొక్క దూతయని మరొకవైపు, ఒకే వాక్యములో చెప్పుచున్నాడు. రెంటిలో ఒకదానిని తీసివేసినచో తప్పుదారి పట్టుదుము. మొదటిది మాత్రమే పట్టుకొన్నచో వ్యాధిని ముద్దుపెట్టుకొని మందు మానుదుము. రెండవది మాత్రమే పట్టుకొన్నచో, వ్యాధి పోనప్పుడు దేవుడు ఓడిపోయెననుకొందుము.

అతనికి వచ్చిన జవాబు, ముల్లు తీయుదునని కాదు. తన కృప చాలుననియు, తన శక్తి బలహీనతయందే నిండుననియు ప్రభువు చెప్పెను. ఈ జవాబు విన్నది పౌలు; చెప్పినది ప్రభువు. మూడవవాడు లేడు. మనము మధ్యకు దూరి ఆ జవాబును పొరుగువానికి చేరవేయరాదు. అతడు మూడుసార్లే కాదు, ముప్పదిసార్లు అడుగవలసియుండునేమో. 88వ కీర్తనను చూడుడి. తక్కిన విలాపకీర్తనలలో అనేకములు చివరకు స్తోత్రముగా మారును. ఇది చీకటితోనే ముగియును. రోగి యింటికి పోయినప్పుడు, అతడు కోరినయెడల, దానిని చదువుడి. చదివి వెంటనే వ్యాఖ్యానము చేయకుడి.

సంఘపెద్దలకు

యాకోబు 5:14లో రోగి సంఘపు పెద్దలను పిలిపింపవలెనని యున్నది. అనగా పెద్దలు రోగి యింటికి పోవలెను. రోగిని జీపులో ఎక్కించి పెద్ద కూటములకు త్రిప్పుట ఆ వచనములో లేదు. నూనె రాయవలెననియు ఉన్నది. ఆ కాలమున నూనె గాయములకు మందు కూడ, సమరయుడు పోసినది అదియే. హిజ్కియా ప్రార్థించెను, దేవుడు వినెను, యెషయా అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టించెను. ప్రార్థన చేసితిమి గనుక మాత్రలు మానుమని షుగరు రోగికిగాని, మూర్ఛ బిడ్డ తల్లికిగాని, క్షయకు ఆరు నెలల మందు పుచ్చుకొనువానికిగాని చెప్పువాడు ఎంత పేరుగల బోధకుడైనను సంఘములో మాటలాడనియ్యవద్దు. క్షయ మందు నడుమ మానినచో వ్యాధి మొండిదై తిరిగివచ్చును, ఇంటివారికిని అంటును.

పెద్దలు పోయినప్పుడు అడుగవలసిన ప్రశ్నలు కొన్ని యున్నవి. సికింద్రాబాదుకు ఆసుపత్రికి పోవు దినమున తోడెవరు? చీటీ వరుసలో నిలుచుటకు రోగికి కాళ్లు సాగునా? ఆ దినము గేదెకు మేత వేయువారెవరు, బడినుండి వచ్చిన పిల్లలకు అన్నము పెట్టువారెవరు? మందిరమునకు రాలేనివారికి ప్రభురాత్రి భోజనము ఇంటికి తీసికొనిపోవుచున్నారా, లేక ఈస్టరుకు ఒకసారి జ్ఞాపకము చేసికొనుచున్నారా? రోగిని చూచుకొను భార్యగాని కోడలుగాని చివరిసారి నిద్రపోయినది ఎప్పుడు? ఆమె కొరకు ఒక రాత్రి స్త్రీల మైత్రినుండి ఇద్దరు పోయి మంచము ప్రక్కన కూర్చుండగలరా? ఈ నెల కమిటీ కూటములో లెక్కలు చూచుటకు ముందుగానే ఈ పేరుల జాబితా చదువవలెనని మనవి.